ఇంజనీరింగ్ క్యాంపస్‌లో బీఏ: పేరు యూనివర్సిటీది, చదువు డిపార్ట్‌మెంటుది

క్లుప్తంగా

ఇంటర్‌లో సీఈసీ, హెచ్‌ఈసీ, ఎంఈసీ గ్రూపులు చదివిన రాయలసీమ విద్యార్థులకు ఇప్పుడు ఇంజనీరింగ్‌తో పేరు తెచ్చుకున్న యూనివర్సిటీలు కూడా బీఏ, బీకాం, బీబీఏ సీట్లు ఇస్తున్నాయి. వాటి పేరు, ర్యాంకు, ప్లేస్‌మెంట్ అంకెలు చాలావరకు బీటెక్ విద్యార్థుల వల్ల వచ్చినవే. అందులో ఆర్ట్స్ విద్యార్థికి దక్కేది ఎంత? అది అక్కడి డిపార్ట్‌మెంటు సొంత విద్యార్థుల కోసం నడుస్తోందా, బీటెక్ వాళ్లకు రెండు పేపర్లు చెప్పడానికి ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎక్కువ మందికి డిగ్రీ మంచి జనరల్ కాలేజీలో చేసి, పీజీకి టెక్నికల్ సంస్థకు వెళ్లడమే మేలు. ఎకనామిక్స్, సైకాలజీ, డిజైన్ వంటి కొన్ని సబ్జెక్టుల్లో లెక్క వేరు.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు

ఇంటర్ ఫలితాలు రాగానే కర్నూలు రాజ్‌విహార్ సెంటర్‌లోనూ, అనంతపురం టవర్ క్లాక్ చుట్టుపక్కలా, కడప ఏడురోడ్ల కూడలిలోనూ కాలేజీల ఫ్లెక్సీలు వెలుస్తాయి. ఒకప్పుడు పెద్ద యూనివర్సిటీల ఫ్లెక్సీల మీద బీటెక్ బ్రాంచిలే కనిపించేవి. ఇప్పుడు వాటి కిందే బీబీఏ, బీకాం ఆనర్స్, బీఏ ఎకనామిక్స్, బీఏ సైకాలజీ, ఐదేళ్ల లా కూడా కనిపిస్తున్నాయి. సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్ చుట్టూ పెరిగిన సంస్థలు, అంటే స్టెమ్ యూనివర్సిటీలు, ఆర్ట్స్, కామర్స్ విద్యార్థులను పిలుస్తున్నాయి.

దీనికి మొదటి కారణం విధానంలో వచ్చిన మార్పు. 2020 జాతీయ విద్యా విధానం ఒకే రంగానికి పరిమితమైన సంస్థలు 2040 నాటికి బహుళ రంగాల సంస్థలుగా మారాలని లక్ష్యం పెట్టుకుంది. ఐఐటీల్లో కూడా ఆర్ట్స్, హ్యుమానిటీస్ వాటా పెరగాలని అందులోనే ఉంది. రెండోది నియంత్రణలో మార్పు. 2024-25 విద్యా సంవత్సరం నుంచి బీబీఏ, బీసీఏ, బీఎంఎస్ కోర్సులు సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి. ఆ సంస్థతో ఏళ్ల తరబడి వ్యవహారం నడిపిన ఇంజనీరింగ్ కాలేజీలకు ఈ కోర్సులు పెట్టడం కొత్త తలనొప్పి కాదు. క్లాసు గదులు, హాస్టళ్లు, బస్సులు ముందే ఉన్నాయి.

మూడో కారణాన్ని ఏ బ్రోచర్ చెప్పదు. చరిత్ర డిపార్ట్‌మెంటు పెట్టడానికి ల్యాబ్ అక్కర్లేదు. మెకానికల్ ఇంజనీరింగ్ బ్రాంచి పెట్టడంతో పోలిస్తే బీఏ మొదలుపెట్టే ఖర్చు చాలా తక్కువ. అంత తక్కువ ఖర్చుతో పెట్టే వీలుండటం వల్లే ఈ కోర్సుల నాణ్యతలో ఇంత తేడా ఉంటుంది. కొన్నిచోట్ల మంచి అధ్యాపకులను ఏరికోరి తెచ్చుకుని పెట్టారు. కొన్నిచోట్ల ఖాళీగా ఉన్న గదుల్లో పెట్టారు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

సీమలో ఉన్న పరిస్థితి

అనంతపురంలో ఆర్ట్స్ చదువు ఇంజనీరింగ్ కంటే 30 ఏళ్లకు పైగా పెద్దది. దత్తమండలాల కాలేజీగా మొదలై, రాష్ట్రపతి పదవి దాకా వెళ్లిన నీలం సంజీవరెడ్డి చదువుకున్న ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ 1916 నాటిది. ఇంజనీరింగ్ కాలేజీ 1946లో మద్రాసు గిండీలో మొదలై 1948లో అనంతపురం వచ్చింది. అదే 2008లో జేఎన్‌టీయూ అనంతపురం అనే సొంత యూనివర్సిటీకి కేంద్రమైంది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981 నుంచి ఉంది. 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా వచ్చింది.

కర్నూలులో ఉస్మానియా కాలేజీ 1947 నాటిది, సిల్వర్ జూబ్లీ కాలేజీ 1972 నాటిది. రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. 2015లో వచ్చిన ట్రిపుల్ఐటీడీఎం బీటెక్ చుట్టూ నడిచే సంస్థ. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడింది. ఇడుపులపాయ ట్రిపుల్ఐటీ 2008 నుంచి నడుస్తోంది. పదో తరగతి మార్కులతో పిల్లలను తీసుకుని ఆరేళ్లలో బీటెక్ పట్టా ఇచ్చే సంస్థ అది. ఇంటర్ హెచ్‌ఈసీ చదివిన వారికి అక్కడ దారి లేదు.

దీన్నిబట్టి ఒక విషయం తేలుతుంది. సీమలో పేరున్న టెక్నికల్ సంస్థలు ఆర్ట్స్ విద్యార్థికి డిగ్రీ స్థాయిలో దాదాపు మూసే ఉన్నాయి. ఫ్లెక్సీల్లో కనిపించే సీట్లు ఎక్కువగా బయటి ఊళ్లవి. అనంతపురం నుంచి చూపు బెంగళూరు వైపు, కర్నూలు నుంచి హైదరాబాద్ వైపు, కడప నుంచి తిరుపతి, చెన్నై వైపు పోతుంది. అమరావతి చుట్టూ 2017లో మొదలైన ప్రైవేటు యూనివర్సిటీలు మూడు జిల్లాలకూ పోటీలో ఉన్నాయి. కాబట్టి తేల్చుకోవలసింది స్టెమ్ యూనివర్సిటీయా కాదా అన్నది ఒక్కటే కాదు. ఇంటి నుంచి వెళ్లిరాగల కాలేజీ వదిలి హాస్టల్‌లో ఉండాలా అన్నది కూడా అందులోనే ఉంది.

ఎకనామిక్స్ అని ఉన్నా ఎంపీసీ అడిగే చోట్లు

కోర్సు పేరు చూసి అర్హత అనుకోవడం మొదటి పొరపాటు. ఐఐటీ కాన్పూర్‌లో ఎకనామిక్స్‌లో నాలుగేళ్ల బీఎస్ ఉంది. దానికి సీట్లు ప్రధానంగా జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారానే. బిట్స్ పిలానీలో ఎమ్మెస్సీ ఎకనామిక్స్‌కు బిట్‌శాట్ రాయాలి. హైదరాబాద్ ట్రిపుల్ఐటీలో భాషాశాస్త్రాన్ని కంప్యూటర్ సైన్స్‌తో కలిపి చెప్పే కోర్సుకు ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండాలి. ఇవన్నీ చదివే సబ్జెక్టును బట్టి ఆర్ట్స్ వైపువే, కానీ లోపలికి దారి ఎంపీసీ వాళ్లకే.

మ్యాథ్స్ ఉన్న ఎంఈసీ విద్యార్థికి, అది లేని సీఈసీ విద్యార్థికి తేడా ఇక్కడ బయటపడుతుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్‌కు కూడా 12వ తరగతిలో మ్యాథ్స్ తప్పనిసరి. ఇంటర్‌లో గ్రూపు తీసుకునేటప్పుడు మ్యాథ్స్ వద్దనుకున్నవారు రెండేళ్ల తర్వాత స్టెమ్ సంస్థ వైపు చూస్తే కొన్ని దారులు అప్పటికే మూసుకుపోయి ఉంటాయి. చాలా ఇళ్లల్లో ఈ సంగతి డిగ్రీ అప్లికేషన్ నింపేటప్పుడే తెలుస్తుంది.

ఏ గ్రూపు వారికైనా తెరిచి ఉన్నవి కొద్ది. డిజైన్ డిగ్రీ కోసం ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ పరీక్షను సైన్స్, కామర్స్, ఆర్ట్స్ అన్న తేడా లేకుండా రాయొచ్చు. ఐఐటీ బాంబే, ఐఐటీ హైదరాబాద్ వంటివి దాంతో బీడిజైన్ సీట్లు ఇస్తాయి. బొమ్మలు బాగా వేసే హెచ్‌ఈసీ పిల్లలు కర్నూలులోనూ కడపలోనూ ఉన్నారు. వారికి ఈ పరీక్ష గురించి చెప్పేవాళ్లే తక్కువ.

డిపార్ట్‌మెంటు ఎవరి కోసం ఉంది

అసలు సంగతి ఇక్కడుంది. ఏ ఇంజనీరింగ్ సంస్థలోనైనా హ్యుమానిటీస్ డిపార్ట్‌మెంటు ఒకటి ఉంటుంది. ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన నమూనా సిలబస్‌లో బీటెక్‌కు మొత్తం 160 క్రెడిట్లు. వాటిలో మేనేజ్‌మెంట్‌తో కలిపి హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్‌కు 12. ఇంగ్లిష్ కమ్యూనికేషన్, మేనేజీరియల్ ఎకనామిక్స్, నైతిక విలువలు, ఒకటో రెండో ఎలెక్టివ్‌లు అందులోకి వస్తాయి. ఆ 12 క్రెడిట్లు వేల మంది బీటెక్ విద్యార్థులకు చెప్పడానికి అధ్యాపకులు కావాలి. డిపార్ట్‌మెంటు పుట్టింది ఆ అవసరం కోసమే.

అలాంటి డిపార్ట్‌మెంటు మీద ఒక బీఏ కోర్సు వచ్చి పడితే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. అధ్యాపకులు అప్పటికే వారానికి బీటెక్ సెక్షన్లు చాలా చెబుతుంటారు. వారిని ఎంపిక చేసింది కమ్యూనికేషన్ స్కిల్స్ చెప్పడానికి. మధ్యయుగ దక్కన్ చరిత్ర, అభివృద్ధి ఆర్థికశాస్త్రం, రాజనీతి సిద్ధాంతం వంటి పేపర్లకు ఆ సబ్జెక్టులో పరిశోధన చేసినవారు కావాలి. ఒక్కో పేపరుకు ఒక్కొక్కరు లేకపోతే ఒకే అధ్యాపకుడు నాలుగు పేపర్లు చెప్పాల్సి వస్తుంది. ఆయన వేరే ఊరికి మారితే సగం సిలబస్ గెస్ట్ ఫ్యాకల్టీ చేతికి పోతుంది.

మరోవైపు కొన్ని టెక్నికల్ సంస్థల్లో ఈ డిపార్ట్‌మెంట్లు పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులతో సొంతంగా నిలబడ్డాయి. ఐఐటీ మద్రాస్ 2006లోనే ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఎంఏ మొదలుపెట్టింది. అక్కడ అధ్యాపకులకు సొంత పరిశోధన, సొంత విద్యార్థులు, సొంత సెమినార్లు ఉంటాయి. బీటెక్ క్లాసులు ఆ పనిలో ఒక భాగమే. అయితే అదే కోర్సును ఐఐటీ మద్రాస్ తర్వాత ఆపేసి రెండేళ్ల ఎంఏగా మార్చింది. మంచి సంస్థల్లో కూడా ఆర్ట్స్ కోర్సుల రూపం మారుతూ ఉంటుంది కాబట్టి అయిదేళ్ల కిందటి సీనియర్ చెప్పిన మాట ఈ ఏడాదికి సరిపోకపోవచ్చు.

అమెరికాలోని ఎంఐటీని ఇలాంటి చర్చల్లో తరచూ ఉదాహరణగా తెస్తారు. అర్థశాస్త్రంలో 2019 నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో అప్పటికి అక్కడ పనిచేస్తున్నవారే. ఆధునిక భాషాశాస్త్రాన్ని మలుపు తిప్పిన నోమ్ చోమ్‌స్కీ 1955 నుంచి అక్కడ పనిచేశారు. ఉదాహరణ నిజమే కానీ దాని షరతులు కూడా చూడాలి. ఎంఐటీలో ఏ సబ్జెక్టు విద్యార్థి అయినా క్యాలిక్యులస్, ఫిజిక్స్ చదవాల్సిందే. ఇంజనీరింగ్ విద్యార్థి కూడా హ్యుమానిటీస్, ఆర్ట్స్, సోషల్ సైన్సెస్‌లో 8 కోర్సులు చేయాల్సిందే. రెండు వైపులా రాకపోకలు ఉన్నాయి. మన దగ్గర చాలా క్యాంపస్‌లలో బీటెక్ వాళ్లు ఆర్ట్స్ పేపరును పాస్ మార్కుల పేపరుగా చూస్తారు, బీఏ వాళ్లకు ఇంజనీరింగ్ బ్లాకులో క్లాసే ఉండదు. ఒకే ప్రహరీ లోపల ఉన్నంత మాత్రాన ఎంఐటీ తరహా లాభం రాదు.

డిపార్ట్‌మెంటు ఏ రకమో తెలుసుకోవడానికి అడగాల్సిన ప్రశ్నలు పెద్దవేం కావు. ఆ సబ్జెక్టులో పీహెచ్‌డీ ఉన్న రెగ్యులర్ అధ్యాపకులు ఎందరు? అక్కడే ఆ సబ్జెక్టులో ఎంఏ, పీహెచ్‌డీ నడుస్తున్నాయా? మొదటి ఏడాదిలో ఎంత మంది చేరారు, చివరి ఏడాదిలో ఎంత మంది మిగిలారు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబు అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది. అడ్మిషన్ల కౌంటర్ దగ్గర జవాబు రాకపోతే రెండో ఏడాది విద్యార్థి ఒకరిని పట్టుకుంటే చాలు.

ర్యాంకులో ఎవరి వాటా ఎంత

కేంద్ర విద్యాశాఖ ఏటా ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకును చాలా కుటుంబాలు ఎంపికకు కొలబద్దగా వాడతాయి. ఓవరాల్ ర్యాంకుల్లో బోధన, వనరులకు 30 శాతం, పరిశోధనకు 30 శాతం, విద్యార్థుల ఫలితాలకు 20 శాతం, అందరికీ అవకాశం కల్పించడానికి 10 శాతం, బయట ఉన్న అభిప్రాయానికి 10 శాతం వెయిటేజీ. పరిశోధనను లెక్కించేది ఎక్కువగా అంతర్జాతీయ డేటాబేస్‌లలో నమోదైన జర్నల్ పేపర్లతో, పేటెంట్లతో. ఇంజనీరింగ్, మెటీరియల్ సైన్స్ వంటి రంగాల్లో ఒక బృందం ఏడాదిలో అనేక పేపర్లు తెస్తుంది. చరిత్రకారుడు నాలుగేళ్లు ఆర్కైవ్‌లో కూర్చుని ఒక పుస్తకం రాస్తాడు. తెలుగులో వచ్చే మంచి పరిశోధన ఆ లెక్కలోకి దాదాపు రాదు. కాబట్టి టెక్నికల్ యూనివర్సిటీ ర్యాంకు పైన ఉందంటే అక్కడి చరిత్ర డిపార్ట్‌మెంటు బాగుందని కాదు. అదే లెక్కన కింద ర్యాంకులో ఉన్న జనరల్ యూనివర్సిటీలో మంచి తెలుగు శాఖ ఉండొచ్చు.

కడప ఉదాహరణ చూడవచ్చు. సీపీ బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం యోగి వేమన విశ్వవిద్యాలయం పరిధిలో ఉంది. తెలుగు సాహిత్యం, స్థానిక చరిత్ర చదివే విద్యార్థికి అక్కడి గ్రంథాలయం ఇచ్చేది ఏ ఐఐటీ గ్రంథాలయమూ ఇవ్వలేదు. ఏ ర్యాంకు పట్టికలోనూ దానికి గడి లేదు.

జర్నల్స్ విషయంలో మాత్రం ప్రభుత్వ సంస్థల పరిస్థితి మెరుగుపడింది. 2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకంతో 30 మంది ప్రచురణకర్తల జర్నల్స్ దాదాపు 6,300 ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. మూడేళ్లకు రూ.6,000 కోట్లు కేటాయించారు. ప్రైవేటు యూనివర్సిటీలు ఇందులో లేవు. కొద్దికాలం కిందటి వరకు ఖరీదైన జర్నల్స్ పెద్ద టెక్నికల్ సంస్థలకే సాధ్యమన్న వాదన ఉండేది. ఆ వాదన ఇప్పుడు బలహీనపడింది.

ప్లేస్‌మెంట్: ఏ వరుస చూడాలి

ప్రకటనల్లో అందరి కళ్లూ పడేది ఇక్కడే. ‘హయ్యెస్ట్ ప్యాకేజీ’ ఒక్క విద్యార్థిది, అతను దాదాపు ఎప్పుడూ కంప్యూటర్ సైన్స్ విద్యార్థే. ‘యావరేజ్ ప్యాకేజీ’ని అలాంటి నలుగురైదుగురు పైకి లాగుతారు. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో ఎక్కువ సాఫ్ట్‌వేర్, సర్వీసెస్ కంపెనీలు. అవి అర్హతలో బీటెక్ అని రాసుకొస్తాయి. బీఏ విద్యార్థి అదే క్యాంపస్‌లో ఉన్నా రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతాడు.

దీనికి ఒక ఉపాయం ఉంది, ఖర్చు లేనిది. ఎన్ఐఆర్ఎఫ్‌కు ప్రతి సంస్థా ఇచ్చే సమాచారం దాని వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో ప్లేస్‌మెంట్ పట్టిక కోర్సు కాలాన్ని బట్టి విడివిడిగా ఉంటుంది: మూడేళ్ల యూజీ, నాలుగేళ్ల యూజీ, రెండేళ్ల పీజీ ఇలా. ఒక్కోదానిలో ఎందరు చేరారు, గడువులోగా ఎందరు పాసయ్యారు, ఎందరికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత, పైచదువులకు ఎందరు వెళ్లారు అన్న అంకెలుంటాయి. సంస్థలో బీఏ, బీకాం, బీబీఏ మూడేళ్లవి అయితే మూడేళ్ల యూజీ వరుస చూడాలి. చాలాచోట్ల ఆ వరుసకు, నాలుగేళ్ల వరుసకు మధ్య ఉన్న తేడా చూస్తే ప్రకటన మత్తు దిగుతుంది.

ఈ పద్ధతికీ ఒక చిక్కుంది. నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ వచ్చాక బీఏ ఆనర్స్ కూడా బీటెక్ ఉన్న వరుసలోకే చేరుతుంది. రెండూ కలిసిపోతే అంకె మళ్లీ బీటెక్ వైపు మొగ్గుతుంది. అప్పుడు సంస్థను నేరుగా కోర్సులవారీ లెక్క అడగడం తప్ప దారి లేదు. ఇవ్వకపోతే అదీ సమాధానమే.

లాభం నిజంగా ఉన్న చోట

ఇంతవరకు చెప్పింది చూసి స్టెమ్ క్యాంపస్ ఆర్ట్స్ వాళ్లకు పనికిరాదని తేల్చడం తొందరపాటు. కొన్ని సబ్జెక్టులకు పక్కనే ఇంజనీరింగ్, గణితం, కంప్యూటర్ సైన్స్ ఉండటం బలం. ఎకనామిక్స్ వాటిలో మొదటిది. ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక డేటాను గణాంకాలతో విశ్లేషించే పద్ధతి), గణాంకాలు, ప్రోగ్రామింగ్ వచ్చిన ఎకనామిక్స్ విద్యార్థికి, రాని విద్యార్థికి మార్కెట్‌లో చాలా దూరం ఉంది. సైకాలజీ, భూగోళశాస్త్రం, డేటాతో పనిచేసే జర్నలిజం, డిజైన్, అకౌంటింగ్ కూడా ఈ కోవలోవే.

అనంతపురం జిల్లా వంటి చోట ఇది పుస్తకాల మాట కాదు. వానలు తక్కువ, వేరుశనగ మీద ఆధారం, పడిపోయే భూగర్భజలం, వలసలు ఇక్కడి నిత్య సమస్యలు. ఉపగ్రహ చిత్రాలు చదవగలిగి, ఊళ్లోకి వెళ్లి రైతుతో మాట్లాడగలిగినవారు వీటి మీద మంచి పని చేయగలరు. 1969 నుంచి అనంతపురం కేంద్రంగా పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్‌డీటీ) వంటి సంస్థలున్న చోట క్షేత్రస్థాయి అధ్యయనానికి అవకాశం వెతుక్కోవాల్సిన పని లేదు. మ్యాపుల మీద డేటాను విశ్లేషించే జీఐఎస్ ల్యాబ్, మంచి ఎకనామిక్స్ శాఖ ఒకే క్యాంపస్‌లో ఉంటే ఆ విద్యార్థికి దొరికేది మామూలు బీఏలో దొరకదు.

కాకపోతే ఆ ల్యాబ్ తలుపు బీఏ విద్యార్థికి తెరుచుకోవాలి. చాలా యూనివర్సిటీలు ‘ఏ బ్రాంచివాళ్లయినా ఏ మైనరైనా చేయొచ్చు’ అంటాయి. మైనర్ అంటే మేజర్‌తో పాటు చదివే రెండో సబ్జెక్టు. డేటా సైన్స్ మైనర్‌కు లీనియర్ ఆల్జీబ్రా ముందు చదివి ఉండాలన్న షరతు లోపలి పేజీలో ఉంటుంది. సీట్లు పరిమితమైతే సీజీపీఏ ప్రకారం ఇస్తారు. టైమ్‌టేబుల్ బీటెక్ సెక్షన్లను బట్టి వేస్తారు కాబట్టి బీఏ మేజర్ పేపరు, మైనర్ పేపరు ఒకే గంటలో పడొచ్చు. రిలేటివ్ గ్రేడింగ్ (క్లాసులో తోటివారితో పోల్చి గ్రేడ్ ఇవ్వడం) ఉన్నచోట ఎంపీసీ చదివిన వారితో ఒకే క్లాసులో స్టాటిస్టిక్స్ రాస్తే గ్రేడ్ ఎలా ఉంటుందో కూడా ఆలోచించుకోవాలి. గత ఏడాది బీఏ నుంచి ఆ మైనర్ ఎందరు పూర్తిచేశారు అన్న ఒక్క ప్రశ్న ఈ చిక్కులన్నింటినీ బయటపెడుతుంది.

చరిత్ర, తెలుగు సాహిత్యం, రాజనీతిశాస్త్రం, తత్వశాస్త్రం చదవాలనుకునేవారికి ఈ పొరుగు వల్ల వచ్చే లాభం తక్కువ. వారికి కావలసింది ఆ సబ్జెక్టులో లోతున్న గురువులు, పాత పుస్తకాలు, అదే చదివే పదిమంది తోటివారు.

సర్కారు కొలువు లెక్క

సీమలో బీఏ చేరేవారిలో చాలామంది మనసులో డీఎస్సీ, గ్రూప్-2, జేఎల్ (జూనియర్ లెక్చరర్) ఉంటాయి. యూనివర్సిటీ పేరు ఇక్కడ ఒక్క మార్కు కూడా కలపదు. గ్రూప్-1, గ్రూప్-2, సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా చాలు. టీచింగ్ వైపు మాత్రం డిగ్రీలో ఏ సబ్జెక్టులు చదివారన్నది కీలకం. బీఈడీలో సోషల్ మెథడాలజీకి, ఆ తర్వాత స్కూల్ అసిస్టెంట్ సోషల్ పోస్టుకు చరిత్ర, భూగోళం, ఎకనామిక్స్, పాలిటిక్స్ వంటి సబ్జెక్టులు డిగ్రీలో ఉండాలి. జూనియర్ లెక్చరర్ పోస్టుకు అదే సబ్జెక్టులో పీజీ అడుగుతారు.

కొత్త యూనివర్సిటీల్లో కోర్సుల పేర్లు కొత్తగా ఉంటాయి: లిబరల్ ఆర్ట్స్, పబ్లిక్ పాలసీ, ఇలాంటివి. చదువుగా అవి బాగుండొచ్చు, నోటిఫికేషన్‌లోని సబ్జెక్టుల జాబితాలో ఆ పేరు లేకపోతే సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజు ఇబ్బంది. రాష్ట్రంలోని డిగ్రీ కాలేజీల్లో కూడా 2023-24లో మూడు సబ్జెక్టుల పాత పద్ధతి స్థానంలో ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ వచ్చింది. ఇలాంటి నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి చేరే ఏడాది సిలబస్ కాగితం చూసి, డీఎస్సీ అర్హతలతో పక్కపక్కన పెట్టుకోవడం మేలు.

ఫీజు

రాష్ట్రంలో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంజనీరింగ్ వైపు జనం ఎంతగా మళ్లారో సీమలో అందరికీ తెలిసిందే. ఆ వాతావరణంలో ‘పెద్ద యూనివర్సిటీ అయినా ప్రభుత్వమే కడుతుంది’ అన్న నమ్మకం బలపడింది. బీఏ విషయంలో దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే రీయింబర్స్‌మెంట్ ఉండదు. ప్రైవేటు యూనివర్సిటీల కన్వీనర్ కోటా గురించి చెప్పేటప్పుడు ఎక్కువగా మాట్లాడేది ఈఏపీసెట్‌తో నిండే సీట్ల గురించి. తమ కోర్సుకు అది ఉందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. పక్క రాష్ట్రమైతే లెక్క పూర్తిగా వేరు. ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఫీజుకు, ప్రైవేటు క్యాంపస్‌లో ఫీజు, హాస్టల్ కలిపిన ఖర్చుకు మధ్య ఉన్న తేడాతో పీజీ మొత్తం చదవొచ్చు. చాలాసార్లు ఇంకా మిగులుతుంది.

మధ్యలో ఉన్న దారులు

జనరల్ కాలేజీలో చేరితే స్టెమ్ చదువుకు పూర్తిగా దూరమైనట్టు కాదు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక ‘స్వయం’ మీద ఉన్న కోర్సులతో ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు క్రెడిట్లు తెచ్చుకోవడానికి యూజీసీ 2021 నిబంధనలు వీలు కల్పించాయి. కాలేజీ ఒప్పుకోవాలి, మెంటర్ ఉండాలి. అడిగే విద్యార్థులు తక్కువ కాబట్టి చాలా కాలేజీల్లో ఈ సదుపాయం కాగితం మీదే ఉంది.

2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి కూడా అనుమతించింది, ఒకటి కాలేజీలో, రెండోది ఆన్‌లైన్‌లో. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీకి ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరే, పదో తరగతిలో మ్యాథ్స్, ఇంగ్లిష్ ఉంటే చాలు. ముందు క్వాలిఫయర్ దశ దాటాలి. పరీక్షలు కేంద్రానికి వెళ్లి రాయాలి. సీఈసీ విద్యార్థికి మొదటి ఏడాది మ్యాథ్స్ టెన్షన్ పెడుతుంది, అందులో అనుమానం లేదు. పూర్తి డిగ్రీ కాకపోయినా ఫౌండేషన్, డిప్లొమా దశల వరకు వెళ్లినా ఎకనామిక్స్, కామర్స్ వారికి ఉపయోగమే. ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాలకు ఫీజు రాయితీలు ఉన్నాయి.

మూడో దారి పీజీ. ఐఐటీ మద్రాస్, హైదరాబాద్, గువాహటి, గాంధీనగర్ వంటివి ఎంఏ కోర్సులు నడుపుతున్నాయి. ఈ స్థాయిలో హ్యుమానిటీస్ డిపార్ట్‌మెంటు తన సొంత విద్యార్థులకు చెబుతుంది, డిగ్రీలో కనిపించే సర్వీస్ పేపర్ల (బీటెక్ వాళ్లకు చెప్పే పేపర్ల) సమస్య ఇక్కడ బాగా తగ్గుతుంది. కొన్ని ఐఐటీలు సొంత పరీక్ష పెడతాయి, కొన్ని గేట్ స్కోరు తీసుకుంటాయి. గేట్ అంటే ఇంజనీర్లదే అన్న అభిప్రాయం ఇంకా పోలేదు గానీ, 2021 నుంచి అందులో హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్‌కు ఎక్స్‌హెచ్ అనే పేపరు ఉంది. బీఏ మూడో ఏడాదిలో ఉన్నవారు కూడా రాయొచ్చు. పరీక్ష ఫిబ్రవరిలో జరిగితే దరఖాస్తులు అంతకు ముందు ఏడాది వానాకాలంలోనే మొదలవుతాయి. కాబట్టి రెండో ఏడాది చివర్లోనే తయారీ మొదలుపెట్టాలి.

ఎక్స్‌హెచ్‌లో అందరూ రాయాల్సిన ఒక భాగం ఉంటుంది. దాంతోపాటు ఎకనామిక్స్, ఇంగ్లిష్, భాషాశాస్త్రం, తత్వశాస్త్రం, సైకాలజీ, సోషియాలజీల్లో ఒకటి ఎంచుకోవాలి. చరిత్ర, రాజనీతిశాస్త్రం, తెలుగు ఆ జాబితాలో లేవు. ఆ సబ్జెక్టుల వారికి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్షతో సీట్లు నింపే కేంద్రీయ విశ్వవిద్యాలయాలే దగ్గరి దారి. అనంతపురంలో ఉన్నదీ, కర్నూలు నుంచి నాలుగైదు గంటల ప్రయాణంలో ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయమూ అందులోకే వస్తాయి. రాష్ట్ర యూనివర్సిటీల్లో పీజీ సీట్లకు ఏపీ పీజీసెట్ ఉంది. 2021లో ఆ ఉమ్మడి పరీక్షను తొలిసారి నిర్వహించింది కడప యోగి వేమన విశ్వవిద్యాలయమే.